తొమ్మిది తొడుగుల ఉప్పు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటాయన్ని అందరూ త్రాసు అనేవాళ్లు. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఈ పేరు ఎలా వచ్చిందంటే, ఆయన చేరిన కొత్తలో స్టోర్సులో ఒకాయనకి దురద పుట్టి, ఈయన గుప్పెడు ఉప్పు తీసి గిన్నెలో వెయ్యబోతుంటే ఆపి తూచాడు. మర్నాడు మళ్లీ తూచాడు. వారం రోజులు తూచాడు. ముల్లు అదే గీత మీద నిలబడింది. ఇక అప్పట్నుంచి ఆయన త్రాసు. ముప్పై ఏళ్లపాటు నాలుగొందల మంది మధ్యాహ్నం భోజనం ఆ గుప్పెట్లోంచే వెళ్లింది.

ఆ వంటింట్లో ఒక కట్టుబాటు ఉండేది. కూరలు ఎవరైనా తరగొచ్చు, పొయ్యి ఎవరైనా చూసుకోవచ్చు, ఉప్పు డబ్బాలో మాత్రం పెద్ద వంటాయన తప్ప ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఆయన గరిటెతో ఒక చుక్క ఎడం అరచేతిలో వేసుకుని, నాకి, కళ్లు మూసుకుని, కాసేపాగి గుప్పెట తెరిచేవాడు. కొలత డబ్బాలన్నా కాగితాలన్నా ఆయనకి ఒళ్లుమంట. నాలుక ఉన్నవాడికి కాగితం దేనికని అడిగేవాడు.

వండినవాడికి తినబుద్ధి కాదంటారు. ఆయనా అంతే, అక్కడ మెతుకు ముట్టేవాడు కాదు. మూడింటికి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, పెళ్లాం వండింది తినేవాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క మాట అనేవాడు. "కుదిరింది." లేదంటే "కుదర్లేదు." మూడో మాట ఉండేది కాదు. నాలుగొందల మంది మెచ్చిన మనిషి నోటెంట వచ్చే ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఇరవయ్యెనిమిదేళ్లు గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది. నవ్వొస్తే నవ్వుకోండి. నగా నట్రా అడిగిన మనిషి కాదు, ఆ మాట వస్తే చాలు, ఆ పూట ఆవిడ మిషను మీద పాదం కూడా హుషారుగా ఆడేది.

ఆవిడది కుట్టుపని. కొత్తవి కుట్టేది తక్కువ. పాతవి బిగించడం, వదులు చెయ్యడం, పిల్లలు ఎదిగితే అంచు విప్పి కిందికి దించడం, ఇదే ఎక్కువ. వీధి గదిలో కిటికీ పక్కన మిషను, మిషను సొరుగులో గుండీలు, సూదులు, వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు. ఆ తొడుగు సంగతి గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది అదే.

త్రాసుకి అన్నగారొకాయన ఉండేవాడు, ఆయనా వంటవాడే. ఒకరోజు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. చేతిలో గరిటె కూడా వదల్లేదట, వేళ్లు విడదీసి తియ్యాల్సొచ్చిందట. అది విన్న దగ్గర్నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. నెల తిరక్కుండా మొగుణ్ణి రెక్క పుచ్చుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. బీపీ నూట ఎనభై దాటింది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, ఇంట్లో ఉప్పూ నూనే సగానికి తగ్గించకపోతే ఈ మాత్రలు బూడిదలో పోసిన పన్నీరేనని, అన్నగారి దారే పట్టాలనుందా అని మొహం మీదే అడిగేసింది.

ఆయన దారంతా నవ్వుకుంటూనే వచ్చాడు. ఇంట్లోకొచ్చాక మాత్రం నవ్వు ఆపి అన్నాడు.

"చప్పిడి తింటే నాలుక చచ్చిపోతుందే. నాలుక చచ్చాక ఆ వంటింట్లో నేనెందుకు?"

ఆవిడ దాన్ని సాకు కింద జమకట్టింది. మగవాళ్ల సాకులకి కొదవా, సిగరెట్టు మానమంటే కడుపు కదలదంటారు, ఇదీ అలాంటిదేలే అనుకుంది. ఆ మాట నిజమో కాదో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడికి ఐపోయేది.

మర్నాడు సగం ఉప్పేసి వండింది. "కుదర్లేదు," అని ఉప్పు డబ్బా తెప్పించుకుని, తగ్గినదానికి రెండింతలు కూరలో గుమ్మరించుకుని తిన్నాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు కంచం నెట్టేసి లేచిపోయాడు. మూడు రోజుల కూరా చెత్తబుట్టలోకి పోయింది. నాలుగోరోజు ఆవిడ మామూలుగా వండింది, ఆయన కుదిరిందన్నాడు, ఇంట్లో శాంతి నెలకొంది. అన్నగారి చేతిలోని గరిటె మాత్రం ఆవిడ కళ్లముందు నుంచి కదల్లేదు.

దారి చూపించింది ఆవిడ పనే. లావెక్కిన ఆడవాళ్ల జాకెట్లు ఒకేసారి రెండంగుళాలు వదిలితే, నేనంత లావయ్యానా అని పోట్లాటకొస్తారు. పావంగుళం చొప్పున నాలుగుసార్లు వదిలితే, నీ చేతిలో ఏదో ఉందమ్మా, ఒంటికి అతికినట్టుందని మెచ్చుకుని మరీ వెళ్తారు. ఒంటికి తెలియనిది నోటికి మాత్రం ఏం తెలుస్తుందనుకుంది. ఆ రోజు వంటకి మామూలుగా వేసే ఉప్పంతా ముందు ఒక పళ్లెంలో పోసి, ఇత్తడి తొడుగుతో కొలిచింది. తొమ్మిది తొడుగులని తేలింది. ఇద్దరు మనుషులకి.

నెలకో పావు తొడుగు. అంతకంటే ఒక్క రవ్వ కూడా ఎక్కువ తగ్గించలేదు. ఉప్పు తగ్గినచోట ఒక నిమ్మచెక్క పిండేది, ఇంకాస్త మిరియాలు దంచి వేసేది. నూనె డబ్బా నుంచి సీసాకి మార్చింది, సీసా మూతకి చిల్లు పెద్దదిగా ఉందని కొత్త మూతకి బట్టలు కుట్టే సూదితో సన్న చిల్లు పెట్టింది. ఆయన ఎప్పుడైనా కాఫీకని వంటింట్లోకొచ్చి చూస్తే, సీసా తలకిందులుగానే ఉండేది, ధారగానే పడుతున్నట్టుండేది.

ఇక గిన్నెల సంగతి. నాలుగొందల మందికి వండే చెయ్యికి ఇద్దరి వంట చూస్తే చిరాకు. గిన్నె అడుగు కనిపిస్తే ఇల్లు కళ తప్పుతుందని ఆయన నమ్మకం, గిన్నె నిండా ఉండాల్సిందే, మిగిలింది పారబొయ్యాల్సిందే. నిన్నటి కూర ముట్టడు. పెళ్లైన కొత్తలో పక్కింటావిడ వాళ్ల చెత్తబుట్ట చూసి, మీ ఇంట్లో ఎంతమందమ్మా అని అడిగింది. ఇప్పుడు ఈవిడ ఏం చేసిందంటే, గిన్నె నింపడం మానలేదు, గిన్నెనే మార్చింది. ఆర్నెల్లకో సైజు చిన్నది. ఎప్పుడు చూసినా గిన్నె నిండుగానే ఉండేది, అడుగు కనిపించేది కాదు, మిగిలేదీ కాదు. ఆకుకూర కాడలు పారెయ్యకుండా సన్నగా తరిగి పప్పులో కలిపేది. కూరగాయ తొక్కలు ఉడకబెట్టి ఆ నీళ్లే పులుసుకి పోసేది. రోజూ వంగి మోసుకెళ్లే చెత్తబుట్ట వారానికోసారి వేలికి తగిలించుకుని తీసుకెళ్లే స్థితికి వచ్చింది.

చాప కింద నీరులా ఇరవై నెలలు గడిచాయి. తొమ్మిది తొడుగులు నాలుగయ్యాయి. ఆయన రోజూ మూడింటికి వచ్చి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "కుదిరింది," అంటూనే ఉన్నాడు. ఊళ్లోవాళ్లందరి ఉప్పు చూసే నాలుకని తన వేలి తొడుగు గెలిచిందని ఆవిడకి లోపల్లోపల ఎంత గర్వమో. బీపీ నూట ముప్పైకి దిగింది. మాత్రలు పనిచేస్తున్నాయే అనేవాడాయన. అవునండీ అనేది ఈవిడ.

ఇంతవరకూ వింటే ఆవిడ తెలివికి చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది. కాస్త ఆగండి.

ఒక ఆదివారం పొద్దున త్రాసు క్షౌరానికి వెళ్లిన సమయం చూసుకుని రెండో వంటాయన ఇంటికొచ్చాడు. త్రాసు దగ్గరే పని నేర్చుకున్నవాడు, నలభై దాటినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. గుమ్మంలోనే నిలబడి నీళ్లు నమిలాడు. ఆవిడ కూర్చోమంటే కూర్చోలేదు.

"వదినా, అన్నకి ఒంట్లో బాగుంటోందా?"

ఏమైందని అడిగితే మెల్లగా బయటపెట్టాడు. ఏడాదిగా అన్న చేతి వంట చప్పబడిపోతోందట. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు, పొద్దుట్నుంచీ చెమటలో తడిసేవాళ్లు, ఉప్పు లేని తిండి పెడుతున్నారని కంచాలు కొట్టడం మొదలుపెట్టారు. ఇతను అన్న అటు తిరిగినప్పుడు ఒక గుప్పెడు వేసి కలిపేస్తూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. పోయిన నెల పట్టుబడ్డాడు. నా గిన్నెలో చెయ్యి పెడతావురా అని అందరి ముందూ అన్న తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అప్పట్నుంచీ ఉప్పు డబ్బా పక్కనే స్టూలు వేసుక్కూర్చుంటున్నాడు. కొత్త మేనేజరు, నిన్నగాక మొన్న వచ్చినవాడు, వారం గడువిచ్చాడు. వచ్చే సోమవారం పెద్ద సార్లు క్యాంటీన్‌లోనే తింటారు, ఆ రోజు తేడా వస్తే పెద్ద వంటాయన్ని మార్చెయ్యడమే.

"అన్నని చుక్క వేసుకుని చూడమంటే చూస్తాడు వదినా. నాకి, సరిపోయిందిరా అంటాడు. అది చప్పిడి. మాకందరికీ తెలుస్తోంది, అన్నకి తెలియట్లేదు."

అతను వెళ్లాక ఆవిడ మిషను ముందు కూలబడిపోయింది. రెండేళ్ల కిందట ఆయన అన్న మాట, సాకని తోసేసిన మాట, ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా చెవిలో వినిపించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, సామెతనుకున్నాం గానీ సొంత మొగుడి నోట్లో జరుగుతుందని ఎవరు కలగన్నారు. ఇంట్లో నాలుగు తొడుగులకి అలవాటుపడ్డ నాలుక, క్యాంటీన్‌లో నాలుగు తొడుగుల లెక్కనే సరి అంటోంది. త్రాసు చెడలేదు. తూకపు రాయిని నెలకింత అరగదీసింది ఈవిడ.

మరి చెప్పెయ్యొచ్చుగా అంటారా. చెప్పలేదు. చెప్పకుండానే దిద్దేద్దామనుకుంది. అదే పిచ్చి తెలివి మళ్లీ. ఆ మధ్యాహ్నమే నాలుగు తొడుగులకి బదులు ఏడు వేసింది. ఇరవై నెలలు దించిన దాన్ని వారంలో ఎక్కించెయ్యాలని చూసింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. ఏంటే, సముద్రాన్ని తెచ్చి పోశావా అని కంచంలో నీళ్లు పోసేసుకున్నాడు. మర్నాడు ఆరు వేసింది. సగం తిని లేచాడు. ఆ మర్నాడు అయిదున్నర. తిన్నాడు గానీ, తిన్నంతసేపూ మంచినీళ్లు తాగుతూనే ఉన్నాడు. ఆ వారంలో కుదిరింది అనే మాట ఒక్కసారీ రాలేదు.

మరుసటి ఆదివారం సాయంత్రం ఆయన కిటికీ దగ్గరకొచ్చి, ఆవిడ కుడుతున్న బట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. అలా నిలబడే మనిషి కాదు.

"అక్కడ నేను సరిపోయిందన్నది వాళ్లకి చప్పగా ఉందంట. ఇక్కడ నువ్వు ఎప్పుడూ వండేదే వండుతున్నావు, నాకు ఉప్పు కషాయంలా ఉంటోంది. నా నాలుక పోయిందంటావా?"

ఆవిడ పాదం మిషను మీద ఆగిపోయింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. రేపు మీ నాలుక చాలన్నాక ఇంకో గుప్పెడు వెయ్యండి, కారణం తర్వాత చెబుతాను. ఆ ముక్క నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. చెబితే రేపట్నుంచి ఇంట్లో మళ్లీ తొమ్మిది తొడుగులు, మళ్లీ నూట ఎనభై, మళ్లీ ఆ పొయ్యి, ఆ గరిటె. ఇది ఆవిడ తనకి తాను చెప్పుకున్న కారణం, అబద్ధమేమీ కాదు. కానీ దాని కింద ఇంకోటుంది. రెండేళ్లు రోజూ నా పక్కనే నిలబడి మోసం చేశావా అని ఆయన అడిగితే ఏ మొహం పెట్టుకుని చూడాలి. భయపడింది. ప్రేమ, జాగ్రత్త అని ఎన్ని పేర్లయినా పెట్టొచ్చు, ఆ సాయంత్రం నోరు మూయించింది మాత్రం భయమే. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

"అదేం లేదండీ," అంది. "అలసిపోయారంతే."

"అంతేనంటావా?"

"అంతే."

ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది. ఆవిడ మాట అంటే ఆయనకి గురి.

సోమవారం సంగతి రెండో వంటాయన చెబితేనే తెలిసింది. త్రాసు ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని వెళ్లాడు. ప్రతి గిన్నె దగ్గరా మూడేసిసార్లు అరచేతిలో చుక్క వేసుకుని చూశాడు. పెద్ద సార్లు తినడానికి కూర్చున్నారు. రెండు ముద్దలు కాగానే వాళ్లలో ఒకాయన మర్యాదగానే ఉప్పు ఉందా అని అడిగాడు. ముప్పై ఏళ్లలో ఆ బల్లల మీద ఉప్పు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు, అసలు ఆ అవసరమే రాలేదు. మేనేజరు కేకేస్తే రెండో వంటాయన వంటింట్లోంచి ఉప్పు డబ్బా ఎత్తుకుని బల్ల బల్లకీ తిరిగాడు. నాలుగొందల మందీ చేతులు చాపారు. త్రాసు గుమ్మంలో నిలబడి అదంతా చూశాడట.

మర్నాటికల్లా వంటింటి గోడకి కొలతల కాగితం అంటించారు. పొయ్యి పక్కకి తూకం మిషను వచ్చింది. రెండో వంటాయన పెద్ద వంటాయన అయ్యాడు, ఏడుస్తూనే అయ్యాడు. త్రాసుకి కూరలు తరిగే చోట పీట చూపించారు. ముప్పై ఏళ్ల సర్వీసు చూసి ఇంటికి పంపించట్లేదని మేనేజరు ఉపకారం చేసినట్టు చెప్పాడు. అక్కడ కొత్తగా చేరిన ఒకడు ఈయన్ని త్రాసు అని ఎందుకంటారని అడిగితే, పక్కవాడు వాడి చేతికి కత్తిచ్చి ఉల్లిపాయలు తరగమన్నాడు.

ఇంట్లో మళ్లీ నాలుగు తొడుగులే పడుతున్నాయి. ఆయన తింటున్నాడు, కుదిరింది అంటున్నాడు, కానీ అనేముందు ఆగి ఆవిడ మొహం చూస్తున్నాడు. బాగానే ఉందిగా అని అడుగుతున్నట్టు.

మూడు వారాలకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. నాలుక సంగతి కూడా చూపించుకుంటానని ఆయనే బయల్దేరాడు. డాక్టరమ్మ బీపీ చూసింది, టార్చి వేసి నాలుక చూసింది, నిక్షేపంలా ఉందంది. రెండేళ్ల కిందటి చీటీ పక్కనపెట్టుకుని, ఇది మాత్రల వల్లే అయ్యేది కాదు, ఇంట్లో తిండి మార్చినవాళ్లకే ఇలా దిగుతుంది, సగం పుణ్యం మీ ఆవిడదేనంది.

"మేమేం మార్చలేదమ్మా," అన్నాడాయన. "ఎప్పుడూ తినే తిండే."

డాక్టరమ్మ నవ్వి, ఎప్పుడూ తినే ఉప్పయితే ఈ అంకె రాదండీ, అంది. ఆయన కూడా నవ్వబోయి, పక్కకి తిరిగి ఆవిణ్ణి చూశాడు. ఆవిడ తన చెప్పుల వైపు చూస్తోంది. ముప్పై ఏళ్లు చుక్క నాకి గిన్నెడు సంగతి చెప్పిన మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక చెప్పులు విడవకుండానే అడిగాడు.

"ఎంత?"

ఆవిడ సొరుగులోంచి ఇత్తడి తొడుగు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. తొమ్మిది ఉండేవి, ఇప్పుడు నాలుగు, రెండేళ్లు కావొస్తోంది, అని మొత్తం చెప్పేసింది. ఆదివారం సాయంత్రం సంగతి కూడా దాచలేదు. అప్పటికే తెలుసు, చెప్పలేదు, అంది.

ఆయన కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, పొద్దున ఆవిడ వండిపెట్టిన కూర గిన్నె మూత తీశాడు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెట పట్టి, గిన్నెలో వేసి, కలిపి, కంచంలో వడ్డించుకుని కూర్చున్నాడు. ఆ గుప్పెట్లో ఎంత పట్టిందో ఆవిడకి కొలవకుండానే తెలిసింది. అయిదు తొడుగులు. ఉన్న నాలుగుతో కలిపి సరిగ్గా తొమ్మిది. చెయ్యి ఇంకా త్రాసే.

మొదటి ముద్ద నమిలాడు. దవడ ఆగిపోయింది. బలవంతాన మింగాడు. రెండో ముద్ద పెట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉప్పుకో దేనికో. మూడో ముద్ద నోటిదాకా వెళ్లి కంచంలోకి తిరిగొచ్చింది. ముప్పై ఏళ్లు నాలుగొందల మందికి పెట్టిన ఉప్పు, తన చేత్తో తనే వేసుకున్న ఉప్పు, ఆయన గొంతు దిగలేదు.

"చెబితే నేను తగ్గించుకునేవాణ్ణో, వినకుండా చచ్చేవాణ్ణో," అన్నాడు. "ఏదో ఒకటి నేను చేసేవాణ్ణి."

వినేవారు కాదండీ, అందావిడ. అదీ నిజమే. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. ఆవిడ ఆ గిన్నె ఎత్తి చెత్తబుట్టలో ఒంపింది. ఆ ఇంట్లో దాదాపు రెండేళ్ల తర్వాత గిన్నెకి గిన్నే పారబోసిన మొదటి కూర అది. తర్వాత పొయ్యి వెలిగించి మళ్లీ వండింది, తొడుగుతో కొలిచి, ఈసారి ఆయన కళ్లముందే.

ఆయన ఇంకా బతికే ఉన్నాడు. బీపీ నూట ముప్పై దాటదు. కూరలు తరిగొచ్చి మూడింటికి కాళ్లు కడుక్కుంటాడు, పెట్టింది పెట్టినట్టు తింటాడు, మెతుకు వదలడు, నిన్నటిది పెట్టినా ఏమీ అనడు. ఆవిడ పాత అలవాటు కొద్దీ గరిటె పట్టుకుని పక్కనే నిలబడుతుంది. మొదటి ముద్ద వెళ్తుంది, రెండోదీ వెళ్తుంది. ఒకరోజు ఉండబట్టలేక, ఎలా ఉందండీ అని అడిగింది.

ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు.

"నాకేం తెలుస్తుంది. నువ్వే చెప్పు."